డార్సీ ఉత్తరం రెండోసారి చదివితే...

జేన్ ఆస్టెన్ 1796లో ఈ నవల మొదలుపెట్టినప్పుడు దానికి పెట్టుకున్న పేరు 'ఫస్ట్ ఇంప్రెషన్స్', అంటే తొలి అభిప్రాయాలు. 1813లో అచ్చయ్యేసరికి అది 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అయింది. నాకు మాత్రం కథలోని కీలకం పాత పేరులోనే ఉందనిపిస్తుంది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మెరిటన్ ఊళ్ళో డాన్సులు జరుగుతుంటాయి. ఏడాదికి 10,000 పౌండ్ల ఆదాయం ఉన్న డార్సీ, ఎలిజబెత్‌కి వినపడేలాగే ఆమె అందాన్ని తీసిపారేస్తాడు. అంతే, పొగరుబోతు అని ముద్ర పడిపోతుంది. తర్వాత విక్‌హామ్ అనే సైనికాధికారి వస్తాడు. చక్కటి రూపం, తియ్యటి మాట. తనకి రావాల్సిన చర్చి ఉద్యోగాన్ని డార్సీ రాకుండా చేశాడంటాడు. ఎలిజబెత్ నమ్మేస్తుంది.

"తొలి చూపు మోసం చేస్తుంది" అని ఇక్కడితో సరిపెట్టుకోవచ్చు. కానీ ఎలిజబెత్ తెలివైన పిల్ల కదా, మరి ఎలా నమ్మింది? విషయం తెలియకా? కాదు. అన్నీ ఆమె కళ్ళముందే ఉన్నాయి. కొత్తగా పరిచయమైన మనిషి ఇంటిగుట్టంతా ఎందుకు చెప్పాలి? డార్సీకి భయపడి తప్పుకోనన్నవాడు, డార్సీ ఉండే నెదర్‌ఫీల్డ్ విందుకి మొహం చాటేశాడు. డార్సీ తండ్రి మీది గౌరవంతో అతన్ని బజారుకీడ్చనన్నవాడు, అతను ఊరు దాటగానే అందరికీ చెప్పాడు.

ఇవన్నీ ఎలిజబెత్‌కి వెలిగేది 36వ అధ్యాయంలో, డార్సీ ఉత్తరం చేతికొచ్చాక. ఆ ఉద్యోగానికి బదులుగా విక్‌హామ్ 3,000 పౌండ్లు తీసుకున్నాడనీ, 15 ఏళ్ళ తన చెల్లెల్ని ఆస్తి కోసం లేవదీసుకుపోబోయాడనీ డార్సీ రాస్తాడు. మొదట ఒక్క ముక్కా నమ్మదు, మడిచి పెట్టేస్తుంది. అర నిమిషంలో మళ్ళీ విప్పుతుంది. ఈసారి ఒక్కో వాక్యం ఆగి చదువుతుంది. అప్పుడు పాత సంగతులన్నీ గుర్తుకొచ్చి వాటి అర్థం మారిపోతుంది. మన ల్యాబ్ భాషలో చెప్పాలంటే రీడింగులు అవే, చూసే తీరు మారింది.

నాకు అర్థమైంది ఇదీ: ఒకడు నొప్పించాడు, ఒకడు మెప్పించాడు. నొప్పించినవాడి మంచికి సాక్ష్యం అడిగాం, మెప్పించినవాడిని ఏమీ అడగలేదు. "అడిగాం" అని ఎందుకన్నానంటే, ఎలిజబెత్ వెంటే నడిచే పాఠకులం మనమూ అదే చేస్తాం.

దీనికి మూల్యం కూడా ఉంది. నిజం తెలిశాక ఎలిజబెత్, అక్క జేన్ దాన్ని బయటపెట్టకూడదనుకుంటారు. ఊరి దృష్టిలో విక్‌హామ్ మంచివాడిగానే మిగిలిపోతాడు. చివరికి 16 ఏళ్ళ చెల్లెలు లిడియా అతనితోనే వెళ్ళిపోతుంది.

ఈ నవల చదవబోయేవాళ్ళు 16వ అధ్యాయం దగ్గర కాసేపు ఆగండి. విక్‌హామ్ తన కథ చెప్పేది అక్కడే. అతను చెప్పేదాన్ని ఎలిజబెత్ అడగాల్సిన ప్రశ్నలతో చదవండి. ఆ తర్వాత నవల వేరేలా కనిపిస్తుంది.