చలికాలం కోసం కాచిన బీరు

చెల్లెళ్లూ, ఈసారి ముచ్చట బీరు గురించి. “అక్కా, నువ్వా!” అని నొసలు చిట్లించే వాళ్లు మీలో కొందరుంటారని తెలుసు. ఆవకాయ గురించీ, పిల్లల పరీక్షల గురించీ, అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించీ మనం దాపరికం లేకుండా మాట్లాడుకున్నాం కదా, ఇదీ అలాగే మాట్లాడుకుందాం. తాగని వాళ్లను తాగమని నేను ఏనాడూ చెప్పను. తాగే వాళ్లు మాత్రం ఏం తాగుతున్నారో నాలుకకు తెలిసేలా తాగాలని నా కోరిక. మన వైపు బీరు మాట వచ్చిందంటే మగవాళ్ల చర్చంతా కూలింగ్ మీదే నడుస్తుంది. ఆడవాళ్లకైతే ఆ మాటే చాటుమాటు వ్యవహారం. రుచి సంగతి ఎవరూ ఎత్తరు.

నేనుండే టోక్యోలో నవంబరు వచ్చేసరికి సూపర్‌మార్కెట్లలో బీరు అరలు రంగులు మార్చుకుంటాయి. అప్పటిదాకా ఎర్ర మేపుల్ ఆకుల బొమ్మతో కిరిన్ వాళ్ల ‘అకి అజి’ కనిపిస్తుంది. అది 1991 నుంచీ శరత్కాలానికి వస్తున్న బీరు. అది వెనక్కి జరగ్గానే సప్పోరో కంపెనీ ‘ఫుయు మొనోగతారి’ ముందు వరుసలోకి వస్తుంది. చలికాలపు కథ అన్నమాట. ఏటా క్యాన్ మీద బొమ్మ మారుతుంది. ధర ఆ కంపెనీ మామూలు బీరుకీ దీనికీ ఇంచుమించు ఒకటే. ప్రత్యేకమైన కొట్టుకు వెళ్లక్కర్లేదు. పాలు, గుడ్లు కొనుక్కునే చోటే బుట్టలో వేసుకోవచ్చు. నాకు దీని మీద ఇంత ఇష్టం కలగడానికి సగం కారణం అదే.

మన ఊళ్లలో చలికాలం ఈతకల్లు, ఎండలు ముదిరాక తాటికల్లు అని కాలాన్ని బట్టి తాగే పద్ధతి ఉండనే ఉంది. ఆ లెక్కంతా చెట్టు చూసుకుంటుంది, మనిషి చేసేదేమీ లేదు. ఫ్యాక్టరీలో తయారయ్యే బీరుకి ఆ వీలు లేదు. జనవరిలో ఏది దొరుకుతుందో జూలైలోనూ అదే దొరుకుతుంది. ఇది చలికాలం, ఇప్పుడు వేరేగా తాగుదాం అనిపించాలంటే కాచేవాళ్లే పూనుకోవాలి. లక్షల మంది కొనే చవక బీరుకి ఆ పూనిక చూపించారు చూడండి, అది నాకు గొప్పగా అనిపిస్తుంది.

‘ఫుయు మొనోగతారి’ మొదలైన సంవత్సరం 1988. ఆ ఏడాది జపాన్ బీరు లోకం ఎలా ఉందో చెబితే మీకు విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. అంతకు ముందు ఏడాది, 1987లో, అసాహీ వాళ్లు ‘సూపర్ డ్రై’ తెచ్చారు. తీపి ఛాయ కూడా లేకుండా, గొంతులో చురుగ్గా దిగి, వెంటనే మాయమైపోయే బీరు. జనం ఎగబడ్డారు. 1988లో కిరిన్, సప్పోరో, సన్‌టొరీ మూడూ తలా ఒక డ్రై బీరు పట్టుకొచ్చాయి. పత్రికలు దానికి ‘డ్రై యుద్ధం’ అని పేరు కూడా పెట్టాయి. అందరూ పొడిగా, పదునుగా చేయడానికి పోటీ పడుతున్న ఆ ఏడాదే సప్పోరో ఒక పక్కన డ్రై బీరు చేస్తూనే, ఇంకో పక్క మెత్తగా, నిండుగా ఉండే చలికాలపు బీరు కూడా తెచ్చింది. జపాన్‌లో చలికాలానికి మాత్రమే అమ్మిన మొదటి బీరు ఇదే. ఆ డ్రై బీర్లలో చాలావాటి పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు. ఇది మాత్రం నిలబడింది.

అసలు చలికీ సప్పోరోకీ బంధం ఇంకా పాతది. సప్పోరో అంటే ఉత్తరాన హొక్కయిదో దీవిలో మంచు మేటలు వేసే ఊరు. 1876లో అక్కడ ప్రభుత్వమే బీరు కర్మాగారం పెట్టింది. మొదట దాన్ని టోక్యోలో కట్టాలనుకున్నారు. మురహాషి హిసనరి అనే అధికారి పట్టుబట్టి హొక్కయిదోకి మళ్లించాడు. కాచడానికి జర్మనీలో పని నేర్చుకుని వచ్చిన నకగావా సెయిబెయ్‌ని పెట్టుకున్నారు. వాళ్లు కాచాలనుకున్న లాగర్ అనే రకానికి పులిసేటప్పుడూ చల్లదనం కావాలి, ఆ తర్వాత వారాల తరబడి చల్లటి చోట నిలవ ఉండాలి. ఫ్రిజ్‌లు లేని ఆ రోజుల్లో ఆ చల్లదనం ఇచ్చేది మంచుగడ్డలే, అవి సప్పోరోలో కావలసినన్ని. మరుసటి ఏడాది అమ్మకానికి వచ్చిన బీరు పేరులోనే ‘చల్లగా చేసిన సప్పోరో బీరు’ అని ఉంది. ఆనాటి ప్రభుత్వ సంస్థ జెండా మీది ధ్రువ నక్షత్రమే ఇవాళ్టికీ సప్పోరో గుర్తు. క్యాన్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ నక్షత్రం మీద నా బొటనవేలు ఆగుతుంది. చలి లేకపోతే ఈ బీరే లేదు, చలికాలం పేరు పెట్టుకోవడానికి దీనికి హక్కుంది.

ఇక రుచికి వద్దాం. ఫ్రిజ్‌లోంచి తీయగానే తెరవకండి, బల్ల మీద ఓ పది నిమిషాలు ఉంచండి. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, గ్యాసూ చేదూ తప్ప ఏమీ తెలియదు. ఎండాకాలంలో మనకి కావలసింది ఆ మొద్దుబారడమే కాబట్టి అప్పుడు సరిపోతుంది. ఈ బీరుని అలా తాగితే మాత్రం దాని కోసం పడిన శ్రమంతా వృథా. క్యాన్‌తో తాగొద్దు. గాజు గ్లాసు జిడ్డు లేకుండా కడిగి, నీళ్లు ఒంపేసి పెట్టుకోండి. జిడ్డు ఏ మాత్రం ఉన్నా నురుగు నిలవదు.

ఇక్కడ శ్రద్ధగా పోసేవాళ్లు మూడు విడతల్లో పోస్తారు. ముందు కాస్త ఎత్తు నుంచి ధారగా పోసి గ్లాసు నిండా నురుగు లేపుతారు. అది సగానికి దిగేదాకా ఆగుతారు. రెండోసారి అంచు వెంట నెమ్మదిగా పోసి, మళ్లీ ఆగుతారు. మూడోసారి చిన్నధారతో పోస్తే నురుగు గ్లాసు అంచుకి పైన గుండ్రంగా లేచి, ఒలకకుండా నిలబడుతుంది. బీరు ఏడు పాళ్లు, నురుగు మూడు పాళ్లు ఉంటే సరిగ్గా పోసినట్టు. ఈ పద్ధతిలో గ్యాసు కొంత బయటికి పోతుంది, చేదు పదార్థం కొంత నురుగులోకి ఎక్కేస్తుంది, కింద మిగిలిన బీరు మెత్తబడుతుంది. కూర్చున్న నాలుగు నిమిషాలు ఓపిక పట్టలేమా చెప్పండి.

రంగు చూస్తే లేత రాగి ఛాయ కలిసిన బంగారం. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు తగిలేది మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. అన్నం వార్చేటప్పుడు గంజిలోంచి లేచే ఆవిరికి ఎంత కమ్మదనం ఉంటుందో అంత కమ్మదనం. దాని వెనక సన్నగా, బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వుల పచ్చి వాసన. మొదటి గుక్కలో కొద్దిపాటి తీపి తెలుస్తుంది, ధాన్యంలోంచి వచ్చే తీపి. చేదు కాస్త ఆలస్యంగా వచ్చి, నాలుక వెనక కాసేపు ఆగి, సౌమ్యంగా తప్పుకుంటుంది. గొంతు దిగాక ఛాతీలో చిన్న వెచ్చదనం. ఇక్కడి మామూలు బీర్లలో ఆల్కహాలు 5 శాతమైతే ఇందులో 6 శాతం. ఆ ఒక్క శాతం తేడాతోనే నిండుదనం వస్తుంది. మన దేశంలో స్ట్రాంగ్ బీరు అంటే 8 శాతం దాకా ఉండొచ్చు. వాటిలో ఘాటు ముందు ముక్కుకి కొడుతుంది. ఇందులో ఘాటు పైకి తేలదు, మాల్టు దాన్ని పట్టి ఉంచుతుంది.

లోటు లేదని నేను అనను. జపాన్ పెద్ద కంపెనీల బీర్లన్నిటిలాగే గ్యాసు కాస్త ఎక్కువే, చలికాలపు బీరుకి ఇంకొంచెం తగ్గిస్తే బాగుండేది. రుచి నోట్లో నిలిచే సేపూ తక్కువ. ఇంకో రెండు క్షణాలు ఉంటే బాగుండు అనిపించేలోపు వెళ్లిపోతుంది. చిన్న చిన్న బట్టీల్లో కాచే ఖరీదైన చలికాలపు బీర్లలో కాఫీ, నారింజ తొక్క, దాల్చినచెక్క లాంటివన్నీ తగులుతాయి, ఇందులో అవేవీ లేవు. దాన్ని తప్పుగా ఎంచేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. “బొమ్మ మార్చారంతే, లోపల మామూలు బీరే” అంటారు. రెండు గ్లాసుల్లో మామూలుదీ, ఇదీ పక్కపక్కన పోసి, పది నిమిషాలు ఆగి తాగి చూడమనండి. మామూలుది పలచగా, కొసలు తెగినట్టు ఉంటుంది. ఇది నోరంతా నింపుతుంది. పెద్ద తేడా అని చెప్పను, కానీ ఉన్న తేడా నిజమైనది, తెలిసి చేసినది.

తోడుకి ఏముండాలంటే, నా ఓటు ఓదెన్‌కి. ముల్లంగి చక్రాలు, కోడిగుడ్డు, చేపముద్దలు పలచటి రసంలో గంటల తరబడి ఉడికిస్తారు. ముల్లంగి పుల్ల గుచ్చితే దూసుకుపోయేంత మెత్తబడుతుంది, రసం లోపలిదాకా పీల్చుకుని గోధుమ రంగు తిరుగుతుంది. పక్కన చిటికెడు ఆవ ముద్ద. వేడి ముల్లంగి ముక్క మింగి, ఈ బీరు ఓ గుక్క తాగితే మాల్టు తీపి అప్పుడు పూర్తిగా విచ్చుకుంటుంది. శాకాహారులైన చెల్లెళ్లు జాగ్రత్త, పైకి ముల్లంగే కనిపించినా ఆ రసం చేప పొడితో, సముద్రపు నాచుతో కాచినది. మీరు ఇంట్లోనే ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లతో చేసుకోండి. మన మిరపకాయ బజ్జీలు మాత్రం దీని పక్కన పెట్టకండి. కారం మీద హాప్స్ చేదు రెట్టింపవుతుంది, రుచి మొత్తం పోతుంది. ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు భేషుగ్గా కుదురుతాయి.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. చలికాలపు బొమ్మ వేసుకున్న క్యాన్లన్నీ బీరు కావు. మాల్టు తగ్గించి చేసే ‘హప్పోషు’ రకాలూ అదే అరలో ఉంటాయి, 2026 అక్టోబరు దాకా వాటికి పన్ను తక్కువ కాబట్టి ధరా తక్కువ. ఇక్కడ ముఖ్యంగా మాల్టు వాటాని బట్టి పన్ను రకం తేలుతుంది. 2018 ఏప్రిల్ దాకా 67 శాతం ఉంటేనే బీరు అనేవారు, ఆ తర్వాత 50కి తగ్గించారు. 2026 అక్టోబరు నుంచి బీరుకీ, హప్పోషుకీ 350 మిల్లీలీటర్లకి 54.25 యెన్ల చొప్పున ఒకటే పన్ను అని చట్టం. ఏ రకమో క్యాన్ పక్కన రాసి ఉంటుంది. జపనీస్ చదవడం రాకపోతే కొట్టువాళ్లని అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు. పళ్ల బొమ్మలున్న చూహయ్ క్యాన్లు అచ్చం జ్యూస్‌లా కనిపిస్తాయి, అందులోనూ మద్యం ఉంటుంది. పిల్లలున్న ఇళ్లవాళ్లు గమనించండి. మూత మీద తెరిచే రేకు దగ్గర సన్నటి చుక్కలు తడిమితే తగులుతాయి. చూపు లేనివాళ్లు జ్యూస్ అనుకుని పొరపడకుండా మద్యం అని బ్రెయిలీలో వేసిన గుర్తు అది. ఆ చుక్కలు వేయాలన్న ఆలోచన వచ్చిన వాళ్లకి నా దండం.

ఎంత తాగాలన్నది కూడా ఇక్కడే మాట్లాడుకుందాం. 2024 ఫిబ్రవరిలో జపాన్ ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆడవాళ్లకి రోజుకి 20 గ్రాముల శుద్ధ ఆల్కహాలు, మగవాళ్లకి 40 గ్రాములు చేరితే బీపీ, షుగరు లాంటి జబ్బుల ముప్పు పెరుగుతుందని అందులో ఉంది. లెక్క కట్టి చూశాను. ఈ బీరు 350 క్యాన్‌లో దాదాపు 17 గ్రాములు, 500 క్యాన్‌లో 24 గ్రాములు. మన హద్దు చిన్న క్యాన్ దగ్గరే ఆగిపోయింది. అదీ రోజూ కాదు. కడుపుతో ఉన్నవాళ్లు, బిడ్డకి పాలిస్తున్నవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు, ఈ మాటలో సడలింపు లేదు.

డిసెంబరులో ఇక్కడ ఆఫీసుల్లో ‘బోనెంకయ్’ అని ఏడాది చివరి విందులుంటాయి. కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మన అమ్మాయిలు అక్కడ బెదురుతుంటారు. పక్కవాళ్ల గ్లాసు మనం నింపడం, మన గ్లాసు వాళ్లు నింపడం వాళ్ల మర్యాద. ఇక చాలనుకుంటే గ్లాసు ఖాళీ చేయకుండా నిండుగా ఉంచేయండి, ఎవరూ మళ్లీ పొయ్యరు. తాగని వాళ్లు ఊలాంగ్ టీ గ్లాసు ఎత్తి ‘కాంపాయ్’ అంటే సరిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు రైలెక్కండి. తాగినవాడు నడిపే కారులో తెలిసి కూర్చున్నవాళ్లకీ ఇక్కడ శిక్ష ఉంది. 2024 నవంబరు నుంచి తాగి సైకిలు తొక్కడం మీద చట్టాన్ని ఇంకా గట్టి చేశారు.

నా తీర్పు అడిగితే, ఇది గొప్ప బీరు కాదు, మంచి బీరు. పాలు, గుడ్లతో పాటు బుట్టలో వేసుకునే మనుషుల కోసం చలికాలాన్ని పట్టించుకుని కాచిన మంచి బీరు. నవంబరు, డిసెంబరుల్లో జపాన్‌లో ఉండి, తాగే అలవాటు ఉన్నవాళ్లయితే ఒక్క చిన్న క్యాన్ తెచ్చుకోండి. పది నిమిషాలు ఆగి, గ్లాసులో పోసుకుని, నెమ్మదిగా తాగి చూడండి. మీ నాలుకకి ఏం తోచిందో నాకు రాయండి. నచ్చకపోయినా సరే, ఎందుకు నచ్చలేదో తప్పకుండా రాయండి.