కందనకాయకి పని చెబితేనే కోడికి మేత ఒంటబడుతుంది

బ్రాయిలర్ పెంపకంలో సగానికి పైగా ఖర్చు మేతదే. అది అరక్కుండా రెట్టలో పోతే మనకి మిగిలేదేమీ ఉండదు.

కోడికి పళ్ళు లేవు కదా, గింజని నలిపేది కందనకాయే. మేత మరీ మెత్తటి పిండైతే దానికి పని తగ్గి చిన్నగా ఉండిపోతుంది. అందుకే నేను రెండు వారాలు దాటాక మొక్కజొన్నని బరకగా, రవ్వలా పట్టిస్తాను. అప్పుడు మేత కందనకాయలో ఎక్కువసేపు నిలిచి జీర్ణరసంతో బాగా కలుస్తుంది. పూర్తి గింజలు వేసేవాళ్ళు సన్న గులకరాళ్ళు కూడా పెట్టండి. ఆల్చిప్పల పొడి దానికి బదులు కాదు, కడుపులోని ఆమ్లానికి కరిగిపోతుంది.

మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. కాబట్టి ఎండాకాలం 11 నుంచి 4 దాకా మేత తొట్లు పైకెత్తేస్తాను, నీళ్ళు మాత్రం ఆపను. మేత మార్చాలంటే 5 రోజులు పాతదానిలో కొద్దికొద్దిగా కలపండి.

రోజూ పొద్దున్నే రెట్ట చూడండి. గట్టిగా, పైన తెల్లగా ఉంటే అరుగుదల బాగున్నట్టే. నీళ్ళగా ఉండి గింజ ముక్కలు కనిపిస్తే ముందు మేత, నీళ్ళు సరిచూసుకోండి. రక్తం కనిపిస్తే మాత్రం ఆగొద్దు, ఆరోజే పశువైద్యుడికి చూపించండి.