ఆ పిల్లాడికీ టీచరువి నువ్వే చెల్లీ

ఏమ్మా చెల్లీ, పేపర్లు దిద్దడం అయిందా? కాసేపు పక్కన పెట్టి ఇలా కూర్చో. నీతో ఒక మాట చెప్పాలి.

“బీఈడీ చేశాను, ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, మళ్లీ ఈ స్పెషల్ ఎడ్యుకేషన్ చదువు నాకెందుకక్కా?” అని టీచరు చెల్లెళ్లు చాలామంది అడుగుతుంటారు. క్లాసులో ఆటిజం ఉన్న పిల్లాడు ఒక్కడున్నా చాలు, ఎందుకో అర్థమైపోతుంది.

ఇంటర్వెల్ బెల్లు మోగుతుంది. పిల్లలంతా బిలబిలమంటూ బయటికి పరుగెడతారు. వాడొక్కడు రెండు చెవులూ మూసుకుని బల్ల కిందికి దూరతాడు. నువ్వు గద్దిస్తే ఇంకా గట్టిగా అరుస్తాడు. “తల్లి గారాబం చేసి చెడగొట్టింది” అని స్టాఫ్ రూంలో తీర్పు కూడా అయిపోతుంది. పాపం, ఆ తల్లి ఆ మాట ఎన్ని చోట్ల విని ఉంటుందో!

స్పెషల్ ఎడ్యుకేషన్‌లో శిక్షణ పొందిన టీచరు తీర్పు చెప్పదు, నోటుబుక్కు తీస్తుంది. మూడు గడులు గీస్తుంది. అరుపుకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం. కొన్నాళ్లు రాసి చూస్తే, వాడిది మొండితనం కాదని, ఆ బెల్లు చప్పుడు వాడి చెవికి భరించరానిదని తెలుస్తుంది. ఇక రేపటి నుంచి బెల్లుకు కాస్త ముందే వాడికి చెప్పి బయటికి తీసుకెళ్తే సరి. ఇదంతా ఓపికతో రాదమ్మా. ఓపిక నీకెప్పుడూ ఉంది. కావలసింది నేర్పు.

అలాంటి టీచరున్న క్లాసులో వాడి బల్ల మీద రోజంతా జరిగే పనుల బొమ్మలు వరసగా అంటించి ఉంటాయి. ప్రార్థన, లెక్కలు, అన్నం, ఆట. ఒక పని అవగానే ఆ బొమ్మ పీకి ‘అయిపోయింది’ అన్న జేబులో వేస్తాడు. తర్వాత ఏమిటో కళ్లకు కనిపిస్తుంటే సగం భయం పోతుంది. ఇలా కంటికి కనబడేలా రోజును అమర్చే పద్ధతికి అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షాప్లర్ బృందం రూపమిచ్చింది. ‘టీచ్’ అనే పేరుతో 1972లో ఆ రాష్ట్రమంతటా మొదలైంది. మన బడిలో దానికి కావలసింది అట్టముక్కలు, వెల్‌క్రో, కాస్త తీరిక.

ఇంకోటి చూడు. దాహం వేస్తే వాడు నీ దగ్గరికొచ్చి “నీళ్లు కావాలా?” అంటాడు. వాడు నిన్ను అడగడం లేదు. వాళ్లమ్మ అడిగే మాటనే తిరిగి పలికి, తనకు కావాలని చెబుతున్నాడు. అది తెలియని టీచరు “నాకొద్దులే నాన్నా” అని పంపేస్తుంది. తెలిసినామె నీళ్లిచ్చి, “నాకు నీళ్లు కావాలి” అని వాడి తరఫున పలికి వినిపిస్తుంది. అలాగే, “ఇంట్లో తెలుగు మానేయండి, ఇంగ్లీషొక్కటే మాట్లాడండి” అని తల్లిదండ్రులకు సలహాలిచ్చేవాళ్లున్నారు. రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లలు వెనకబడతారని పరిశోధనలేవీ తేల్చలేదు. అమ్మమ్మ మాట్లాడే భాషను వాడికి దూరం చేయకండని ఆ తల్లికి ధైర్యంగా చెప్పాలంటే, నువ్వు ఆ విషయం చదివి ఉండాలి కదా!

సరే, ఎక్కడ చదవాలంటావా? డిగ్రీ తర్వాత స్పెషల్ బీఈడీ, ఆపైన స్పెషల్ ఎంఈడీ ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, మనకు దగ్గర్లోనే ఉంది. ఎక్కడ చేరినా ముందు రెండు సంగతులు చూసుకో. ఒకటి, ఆ కోర్సుకు, ఆ కాలేజీకి ఈ ఏడాది ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, గుర్తింపు ఉందా లేదా. నియమాలు మారుతుంటాయి కాబట్టి మండలి వెబ్‌సైట్‌లో నువ్వే చూడు, ఏజెంటు మాట నమ్మకు. ఆ మండలి రిజిస్టర్‌లో నీ పేరెక్కితేనే ఆ పట్టాతో స్పెషల్ టీచరుగా పనిచేయొచ్చు. రెండు, ప్రాక్టికల్స్. పిల్లల మధ్య కూర్చోబెట్టి, నువ్వు చెప్పే తీరు గమనించి సరిదిద్దే గురువు ఉన్నారా? రికార్డులు కొనుక్కుని సంతకాలు పెట్టించుకునే చోటైతే ఆ వైపే పోకమ్మా.

ఉద్యోగాల బెంగా వద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, ప్రాథమిక స్థాయిలో వైకల్యమున్న పిల్లలు 10 మందికొకరు, ప్రాథమికోన్నత స్థాయిలో 15 మందికొకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని 2022లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2024 తెలంగాణ డీఎస్సీలో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు ఇచ్చారు. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలున్నాయి. పని చేయడానికి చోటుంది, చేతులే చాలడం లేదు.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. స్పెషల్ టీచరు వచ్చింది కదా అని వాడిని వేరే గదికి అప్పగించి చేతులు దులుపుకోవడం కాదు చదువంటే. వాడి పేరు నీ హాజరు పట్టీలోనే ఉంది. ఉద్యోగం వదిలి చదవలేకపోతే, మీ మండలం భవిత కేంద్రానికి ఒక శనివారం వెళ్లు. అక్కడి టీచరు పక్కన కూర్చుని ఆ మూడు గడులు ఎలా నింపుతారో నేర్చుకుని రా. వీలున్న చెల్లెళ్లంతా ఈసారి కోర్సు ప్రవేశాల నోటిఫికేషన్ పడగానే దరఖాస్తు పెట్టండి. మనం నేర్చుకోవడం ఆలస్యమైతే, ఏడాది పోయేది ఆ పిల్లాడికమ్మా.