సదరం కాగితం దాచకండి

"అన్నా, ఆ సదరం సర్టిఫికెట్ మాత్రం బయటికి తీయొద్దు. చెయ్యి బాగలేదని తెలిస్తే వీసా ఇయ్యరు." జూడోనో కరాటేనో పుట్టిన దేశానికే వెళ్లి ఏడాది పాటు నేర్చుకుని రావాలనుకునే వికలాంగులకు మన అనంతపురం వైపు ముందుగా దొరికే సలహా ఇదే, ప్రభుత్వం ఇచ్చిన వైకల్య ధ్రువపత్రాన్ని దాచేయమని. ఏజెంటు చెబుతాడు, గల్ఫ్‌కు వెళ్లొచ్చిన చుట్టం చెబుతాడు, ఒక్కోసారి ఇంట్లోవాళ్లే భయపడి చెబుతారు. ఈ సలహా తప్పు. దీన్ని నమ్మినవాళ్లు వీసా దగ్గర కాకపోయినా, అక్కడికి చేరాక మొదటి వారంలోనే ఇబ్బంది పడతారు.

ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో చూపు లేనివారి జూడో 60 కిలోల జె1 విభాగంలో కపిల్ పర్మార్ కాంస్యం గెలిచారు. జూడోలో మన దేశానికి వచ్చిన మొదటి పారాలింపిక్ పతకం అది. మధ్యప్రదేశ్‌లోని సెహోర్ ఆయనది. చిన్నతనంలో పొలంలో నీళ్ల మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టింది, చూపు దెబ్బతింది. బోరుబావుల మీద బతికే మన పల్లెల్లో ఈ మాటను ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మోటారు దగ్గర, స్టార్టర్ డబ్బా దగ్గర చెయ్యి పోగొట్టుకున్నవాళ్లు, చూపు పోగొట్టుకున్నవాళ్లు మనకు తెలిసినవాళ్లలోనే ఉంటారు.

చూపు లేనివారి జూడోలో ఇద్దరూ ఒకరి బట్ట ఒకరు పట్టుకున్నాకే ఆట మొదలవుతుంది. అదొక్కటే పెద్ద తేడా, మిగతాదంతా మామూలు జూడోయే. చేతిలో లోపం ఉన్నవారికి టైక్వాండో ఉంది. టోక్యో పారాలింపిక్స్‌లో అది మొదటిసారి చేరింది, అందులో తల మీద తన్నకూడదు. అంటే ఈ విద్యల్లో వైకల్యం ఉన్నవారికి ఎవరో దయతలచి చోటు ఇవ్వలేదు. నియమాలతోనే చోటు ఉంది. వీసా దరఖాస్తు నింపేటప్పుడు మీరు మనసులో పెట్టుకోవాల్సిన మొదటి సంగతి ఇది.

ఇప్పుడు జపాన్ సంగతి. జూడో, ఐకిడో, కెండో వంటివి ఎక్కువ కాలం నేర్చుకోవడానికి అక్కడ సాంస్కృతిక కార్యకలాపాల వీసా అని ఒకటి ఉంది. మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది, మూడేళ్లు అనే గడువులతో ఇస్తారు. దీనికి మీరు నేరుగా కాన్సులేట్‌కు పరుగెత్తాల్సిన పని లేదు. అక్కడ నేర్పే గురువు గానీ, శిక్షణాలయం గానీ మీ తరఫున అక్కడి ఇమిగ్రేషన్ కార్యాలయంలో అర్హత ధ్రువపత్రానికి దరఖాస్తు చేస్తారు. అది రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. 2023 నుంచి ఈమెయిల్‌లో కూడా పంపిస్తున్నారు. వచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపు మీరు జపాన్‌లో అడుగు పెట్టాలి. ఆ పత్రం చేతికి వచ్చాకే ఇక్కడ వీసా అడుగుతారు, అప్పటికి అసలు పరీక్ష అయిపోయినట్టే.

కాబట్టి మీ భవిష్యత్తు వీసా కౌంటరు దగ్గర తేలదు, గురువు రాసే ఉత్తరంలో తేలుతుంది. ఎవరు నేర్పుతారు, వారానికి ఎన్ని గంటలు, ఆయనకు ఉన్న అర్హత ఏమిటి, మీరు ఇప్పటిదాకా ఏం నేర్చుకున్నారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు. ఆ కార్యాలయం చూసేది ఇవే. శారీరక వైకల్యం ఉన్నవారిని రానివ్వకూడదని జపాన్ ఇమిగ్రేషన్ చట్టంలో లేదు. మానసిక రుగ్మత వల్ల మంచిచెడు తెలుసుకునే శక్తి బాగా లోపించి, తోడు లేకుండా వచ్చేవారి గురించి మాత్రం ఒక నిబంధన ఉంది. చెయ్యి, కాలు, చూపు, వినికిడి దాని కిందకి రావు.

అలాంటప్పుడు దాచి ఏం సాధిస్తారు? కాలిపర్ వేసుకుని నడిచే మనిషి ఆ సంగతి చెప్పకుండా వెళితే, గుమ్మం దగ్గరే చిక్కు మొదలవుతుంది. అక్కడ బూట్లు విప్పి మెట్టెక్కాలి. తతామి చాపల మీద ఇనుప కడ్డీలతో అడుగు పెట్టనివ్వరు. పాఠానికి ముందూ వెనకా మోకాళ్ల మీద కూర్చుని వంగి దండం పెట్టాలి. ఇవన్నీ ముందే రాసి అడిగితే చాలామంది గురువులు దారి చూపిస్తారు. కుర్చీ వేస్తామంటారు, నిలబడి దండం పెడితే చాలంటారు. కుదరదని చెప్పే వాళ్లూ ఉంటారు. ఆ మాట టికెట్ కొనకముందే వినడం మంచిది కదా.

గురువుకు మీరు రాసే ఉత్తరంలో శాతాలు రాయకండి. 40 శాతం, 75 శాతం అనే అంకెలు మన పెన్షన్లకూ రిజర్వేషన్లకూ పుట్టినవి. దూరదేశంలోని గురువుకు అవి ఏమీ చెప్పవు. "ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు, కానీ వేళ్లలో పట్టు ఉంది. కింద పడటం నేర్చుకున్నాను, కుడి వైపు దొర్లగలను" అని రాయండి. మీ ఎముకల డాక్టరు చేత కూడా ఇలాంటి మాటలతోనే ఒక పేజీ ఇంగ్లిషులో రాయించుకోండి. పోటీ ఆట ఆడవచ్చా, ఏ కదలిక వద్దు, ఏ మందు వాడుతున్నారు అనే మూడూ అందులో ఉండాలి. సదరం సర్టిఫికెట్‌తో పాటు యూడీఐడీ కార్డు తీసుకోండి. దేశమంతటా చెల్లే గుర్తింపు అది. సదరం స్లాటు సచివాలయంలో బుక్ చేసుకోవచ్చు.

మందుల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. డాక్టరు రాసిన మందులు ఒక నెలకు మించి జపాన్‌కు తీసుకెళ్లాలంటే ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. మత్తు కలిసిన నొప్పి మాత్రలకు వేరే అనుమతి కావాలి. కొన్ని ఉత్తేజక మందులు చీటీ ఉన్నా సరే అసలు తీసుకుపోకూడదు. నరాల నొప్పికో ఫిట్స్‌కో ఏళ్లుగా మాత్రలు వేసుకునేవారు ఈ పనిని ప్రయాణానికి రెండు నెలల ముందే మొదలుపెట్టండి. అక్కడికి చేరాక, మూడు నెలలకు మించి ఉండేవారు ఊరి కార్యాలయంలో జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి. ఆసుపత్రి ఖర్చులో 30 శాతం మీరు కట్టుకుంటే సరిపోతుంది. ఇక్కడ కొనే ప్రయాణ బీమాలు చాలావరకు కుస్తీ, కరాటే దెబ్బలకూ పాత జబ్బులకూ డబ్బు ఇవ్వవు. కొనేముందు చిన్న అక్షరాలు చదవండి, చదవలేకపోతే చదివించుకోండి.

బెంగళూరు మనకు దగ్గర, అందరం అక్కడికే వెళతాం. కానీ ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్నవారు జపాన్ వీసాకు చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడి నివాస రుజువు ఉంటే తప్ప ఆ ఊరికి పోయి సమయం పాడుచేసుకోవద్దు. వీసా నిరాకరిస్తే అదే పని మీద ఆరు నెలల దాకా మళ్లీ దరఖాస్తు తీసుకోరు. తొందరపడి సగం కాగితాలతో వెళ్లకూడదని చెప్పేది అందుకే.

చైనాలో షావొలిన్ ఆలయం ఉన్న డెంగ్ఫెంగ్ వైపు వెళ్లాలనుకునేవారికి దారి వేరు. 180 రోజులు దాటితే ఎక్స్1 అనే చదువు వీసా కావాలి. విదేశీ విద్యార్థులను చేర్చుకునే అధికారం ఉన్న పాఠశాల ఇచ్చే ప్రవేశ పత్రం, ప్రభుత్వ ఫారం ఉంటేనే అది వస్తుంది. వైద్య పరీక్ష ఉంటుంది. దిగిన 30 రోజుల్లో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. థాయిలాండ్ 2024లో తెచ్చిన డీటీవీ వీసా ముయ్ థాయ్ నేర్చుకునేవారికీ ఇస్తారు. ఐదేళ్ల వీసా, ఒక్కో రాకకు 180 రోజులు. కానీ 5 లక్షల బాత్‌లు, అంటే మన లెక్కలో 12 లక్షల రూపాయలు దాటిన సొమ్ము, ఖాతాలో చూపించాలి. మనలో ఎంతమందికి అది కుదురుతుంది?

డబ్బు సంగతికి వద్దాం, ఎక్కువ దరఖాస్తులు చిక్కుకునేది ఇక్కడే. సాంస్కృతిక వీసా మీద సంపాదించకూడదు. హోటల్లో గిన్నెలు కడిగి ఖర్చు వెళ్లదీసుకుంటానని ఎవరైనా చెబితే నమ్మొద్దు, విడిగా అనుమతి లేకుండా అది నేరం. ఏడాది ఖర్చు ముందే చూపించాలి. ధర్మవరంలో మగ్గం మీద బతికేవారికి జీతం చీటీ ఉండదు. వేరుశనగ రైతుకు ఏడాదిలో ఒక్కసారే, అదీ వాన పడితే, ఖాతాలో పెద్ద మొత్తం పడుతుంది. అది తప్పేమీ కాదు, కానీ విడమరిచి చెప్పాలి. పంట అమ్మిన బిల్లులు, 1బి, అడంగల్, తహసీల్దారు ఆదాయ పత్రం ఇంగ్లిషులోకి మార్పించి జత చేయండి. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర అప్పు తెచ్చి ఖాతాలో వేసే పద్ధతి వద్దు. ఆరు నెలల స్టేట్‌మెంటులో అది ఇట్టే కనిపిస్తుంది. పంట డబ్బు చేతికొచ్చే నవంబరు, డిసెంబరు నుంచి లెక్క వేసుకుంటే, జనవరిలో గురువు దరఖాస్తు పెట్టి ఏప్రిల్‌లో చేరడం మన వైపు వాళ్లకు సరిపోయే కాలక్రమం.

ఉద్యోగంలో ఉన్నవారికి ఇంకో మాట. సచివాలయం, పాఠశాల, ఏ ప్రభుత్వ కొలువైనా విదేశాలకు వెళ్లడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి, సెలవు మంజూరు రాతపూర్వకంగా ఉండాలి. ఏడాది అంటే చాలావరకు జీతం లేని అసాధారణ సెలవే అవుతుంది. ఆ కాలం ఇంక్రిమెంటుకు లెక్కకు రాకపోవచ్చు, అది తెలుసుకునే దరఖాస్తు పెట్టండి. ప్రైవేటు కంపెనీలోనో అవుట్‌సోర్సింగ్‌లోనో ఉంటే తిరిగొచ్చాక ఉద్యోగం ఇస్తామన్న మాట కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం మీరు వెనక్కి వస్తారనడానికి సాక్ష్యం కూడా అవుతుంది, దరఖాస్తుకు బలం.

పెన్షన్ తీసుకునేవారు మాత్రం ఇది తప్పక చదవాలి. నెలకు 6,000 రూపాయల పెన్షన్ ఇంటి దగ్గరే ఇస్తారు. ఒకటి రెండు నెలలు ఊళ్లో లేకపోతే మూడో నెలలో కలిపి తీసుకోవచ్చు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కవేసి ఆపేస్తారు. తిరిగొచ్చాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడాది శిక్షణకు వెళ్లడం అంటే ఆ డబ్బు వదులుకోవడమే, ఇంటి ఖర్చు లెక్కలో దాన్ని కలుపుకోకండి. 2025లో జరిగినట్టు సదరం పునఃపరిశీలన నోటీసు మీరు లేనప్పుడు ఇంటికి రావచ్చు. ఎవరో ఒకరు దాన్ని చూసి మీకు చెప్పేలా, సచివాలయానికి జవాబు ఇచ్చేలా ఏర్పాటు చేసి వెళ్లండి.

నా ఉద్దేశం అడిగితే, మొదటిసారే ఏడాదికి వెళ్లొద్దు. రెండు మూడు వారాలు పర్యాటక వీసా మీద వెళ్లి, అదే శిక్షణాలయంలో కూర్చుని, మెట్లు, స్నానాల గది, రైలు స్టేషను, గురువు మాట తీరు అన్నీ చూసుకుని రండి. తర్వాత దీర్ఘకాల దరఖాస్తులో గురువు "ఈ మనిషిని నేను చూశాను" అని రాయగలుగుతాడు. అంతకన్నా ముందు ఇక్కడే కొన్నాళ్లు నేర్చుకోండి. అనంతపురంలో ఆర్డీటీ క్రీడా గ్రామంలో ఎన్నో ఏళ్లుగా పల్లె పిల్లలకు జూడో నేర్పుతూ వచ్చారు. మన కరువు నేలలో ఈ విద్యకు చోటు లేదని అనలేం. ఇక్కడి కోచ్ సంతకంతో ఒక ఉత్తరం, బెల్టు పత్రం ఉంటే అక్కడి గురువుకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

విమానం టికెట్ కొన్నాక కనీసం 48 గంటల ముందు మీకు కావాల్సిన సాయం విమాన సంస్థకు చెప్పండి. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ఎక్కనివ్వకపోవడం మన విమానయాన నియమాలకు విరుద్ధం, చక్రాల కుర్చీకి డబ్బు అడగకూడదు.

ఈ వారంలోనే చేయగల పని ఒకటుంది. పాస్‌పోర్టు, ఆధార్, పదో తరగతి మెమో, సదరం, యూడీఐడీ అయిదూ బల్ల మీద పరిచి, మీ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఇంగ్లిషు అక్షరాల్లో ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. మనవాళ్ల కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. గురువు పంపే అర్హత ధ్రువపత్రం మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి, ఆ తర్వాతే గురువుకు మొదటి ఉత్తరం రాయండి.