నీళ్లకు కూడ ఒక మండలం

చెల్లె, చేపల తొట్టి కొన్నవని తెలిసి మస్తు సంబురమైంది. చేపలు ఇంక తేలేదన్నవ్ చూడు, దానికి ఇంకా ఎక్కువ సంబురమైంది. బాబు ఆగుతలేడు, ఈ ఆదివారం జగిత్యాల పోయి రంగు చేపలు పట్టుకొస్తమక్కా అన్నవ్. ఇప్పుడే వద్దు. ఎందుకొద్దంటున్ననో నిమ్మళంగ చెప్త, విను.

కొత్త తొట్టిల నీళ్లు ఎంత తేటగ ఉన్నా చేప బతికేతందుకు తయారైనట్టు కాదు. చేప ఊపిరి తీసేటప్పుడు మొప్పల నుంచి అమ్మోనియా ఇడుస్తది. తినకుండ మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే అయితది. చెరువుల అయితే అన్ని నీళ్లుంటయ్, అడుగుల ఒండ్రు ఉంటది, నాచు ఉంటది, అది ఎక్కడికక్కడ సర్దుకుంటది. నీ రెండడుగుల తొట్టిల పట్టేటియి 50 లీటర్ల చిల్లర నీళ్లు, అండ్ల అది ఎటు పోతది? కొత్త తొట్టిల చేపలు వారం పది రోజులకు ఒక్కొక్కటే తేలుతుంటే దిష్టి తగిలిందంటరు, దుకాణపోడు మంచి చేపలు ఇయ్యలేదంటరు. ఎక్కువసార్లు వాటిని చంపేది కండ్లకు కానరాని ఈ అమ్మోనియానే.

దీన్ని తినేటి సూక్ష్మజీవులున్నయ్. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తది. నైట్రైట్ కూడ విషమే, చేప నెత్తుర్ల కలిసి ఆక్సిజన్ మోయకుండ చేస్తది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తది. నైట్రేట్ కొద్దిగున్నా చేప ఓర్సుకుంటది. మన పొలంల యూరియా చల్లినంక మట్టిల జరిగేది కూడ ఇదే పని. రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంల ఈ జీవులను పట్టి చూపిండు. తొట్టిల్ల రెండో పని చేసేది నైట్రోబ్యాక్టర్ అని శాన ఏండ్లు అనుకున్నరు. కాదు, నైట్రోస్పైరా అని 1998ల అమెరికాల టిమోతి హోవనెక్, ఆయనతోటి పనిచేసినోళ్లు తేల్చిన్రు. 2015ల అయితే రెండు పనులూ ఒక్కతే చేసేటి నైట్రోస్పైరా కూడ ఉన్నదని బయటపడ్డది. ఇంత పెద్ద చదువు చదివినోళ్లు ఇన్నేండ్లు ఎతికిన జీవులు నీ ఇంట్ల ఫిల్టర్ స్పాంజి ముక్కల కాపురం పెడ్తయ్. కాని అవి మెల్లగ పెరుగుతయ్, తొందర పెడితే పెరగయ్.

ఎన్ని రోజులంటవా? చిన్న హనుమాన్ జయంతికి, పెద్ద హనుమాన్ జయంతికి మాల వేసుకున్న స్వాములు మన కొండగట్టుకు ఎట్ల వస్తరో నీకు చెప్పేదేమున్నది, మీ ఇంటి ముంగటి నుంచే పోతరు. మండల దీక్ష 41 రోజులు. తొట్టిల ఈ జీవులు కుదురుకునేతందుకు కూడ సుమారు గంతే, నాలుగు నుంచి ఆరు వారాలు. బాబుకు గిట్లనే చెప్పు, నీళ్లు మాల వేసుకున్నయని. క్యాలెండర్ మీద దినాం గీత పెట్టమను. చేపలు రాకముందే తొట్టి వాని సొంతమైతది.

ఈ రోజులల్ల చేసేది తక్కువనే. నీళ్లు పోసి, స్పాంజి ఫిల్టర్‌కు గాలి మోటారు తగిలించి, రాత్రింబగళ్లు నడువనియ్యి. చేపల మేత చిటికెడు దినాం వెయ్యి, లేకపోతే పచ్చి రొయ్య ఒక్కటి పల్చటి గుడ్డల కట్టి వెయ్యి. అది కుళ్లి అమ్మోనియా పుడ్తది, అదే ఆ జీవులకు తిండి. నడుమ నీళ్లు పాల లెక్క తెల్లబడితే భయపడి పారబొయ్యకు, అదే తేటబడుతది. పరీక్ష చేసే కిట్టు మాత్రం కొనుక్కో. తొట్టి మీద పెట్టే బొమ్మలు, రంగు లైట్ల కంటే అది ముఖ్యం. ముందుగాల అమ్మోనియా పెరిగి తగ్గుతది, ఎనుక నైట్రైట్ పెరిగి తగ్గుతది. రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనవడ్డదంటే నీళ్లు తయారైనట్టు. తెలిసినోళ్ల ఇంట్ల జబ్బుల్లేని పాత తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క తడి ఆరకుండ తెచ్చి నీ తొట్టిల వెయ్యి. సగం రోజులు కలిసొస్తయ్.

ఇగ నీళ్ల ముచ్చట. నల్లా నీళ్లల్ల క్లోరిన్ కలుపుతరు. మనకు మంచిదే, ఆ సూక్ష్మజీవులకు, చేప మొప్పలకు అది పడదు. బకిట్ల పట్టి ఒక దినమంత మూత లేకుండ ఉంచితే క్లోరిన్ పోతది. తొందరుంటే యాంటీక్లోరిన్ అని చిన్న సీసాలల్ల అమ్మే సోడియం థయోసల్ఫేట్ నాలుగు చుక్కలు, సీస మీద రాసిన లెక్కతోటి వెయ్యి. బోరు నీళ్లల్ల క్లోరిన్ ఉండదు కాని ఎక్కువ ఊళ్లల్ల ఉప్పదనం, సున్నం ఎక్కువ. బిందె అడుగుకు తెల్లగ పేరుకునేది అదే. అసొంటి నీళ్లల్ల పీహెచ్ కూడ ఎక్కువే ఉంటది. పీహెచ్ 7 నుంచి 8కి పోతే అమ్మోనియాల విషమయ్యే వంతు దగ్గరదగ్గర పదింతలయితది. అందుకే, వేరే ఊర్ల నీళ్లు మార్చకున్నా చేపలు బతికినయని ఎవరన్న చెప్తే నమ్మి కూసోకు, నీ నీళ్లు వేరు.

అడుగున వేసే కంకర నీళ్లు తేటగ వచ్చేదాక కడుగు. కరీంనగర్ గ్రానైట్ అయితే బేఫికర్, నీళ్లల్ల కరగది. బసంత్‌నగర్, దేవాపూర్ దిక్కు దొరికే సున్నపురాయి వద్దు. అది కరిగి నీళ్లల్ల సున్నం ఇంకింత పెంచుతది. అనుమానముంటే రాయి మీద నిమ్మకాయ పిండు, నురగొస్తే పక్కకు పెట్టు.

మన ఉప్ప నీళ్లకు సరిపోయేటియి గప్పీలు, మాలీలు, ప్లాటీలు. అవి పుట్టుకతోనే సున్నపు నీళ్లకు అలవాటు పడ్డ రకాలు. మొదటిసారి అయిదారు గప్పీలు చాలు, అన్నీ మగయే తీస్కో. ఆడయి కలిసినయంటే నెలనెలా పిల్లలు పెడ్తయ్, తొట్టి చాలదు. గోల్డ్‌ఫిష్ మీద బాబుకు మనసున్నదని తెలుసు. అది మురికి ఎక్కువ చేస్తది, మస్తు పెద్దగయితది, నీ తొట్టి దానికి సరిపోదు. గుండ్రటి గాజు గిన్నెల గోల్డ్‌ఫిష్ పెట్టి అమ్ముడు చూస్తే నాకు కడుపుల దేవినట్టయితది. ఆ గిన్నెల అది బతుకుత లేదు, రోజులు లెక్కవెడుతున్నది.

చేపలు తెచ్చినంక కవర్‌ను పావుగంట తొట్టిల తేలనియ్యి, తొట్టి నీళ్లు కొన్ని కొన్ని కవర్ల పోసి అలవాటు చెయ్యి. కవర్ నీళ్లు మాత్రం తొట్టిల కలుపకు. మేత రెండు నిమిషాలల్ల తిని ఒడిసేటంతనే వెయ్యి. వారానికొకసారి నాలుగోవంతు నీళ్లు తీసి కొత్తయి పొయ్యి. తీసిన నీళ్లు మల్లె చెట్టుకు పొయ్యి, ఆ నైట్రేట్ దానికి ఎరువే. స్పాంజిని నల్లా కింద కడుగకు. తొట్టిల నుంచి తీసిన నీళ్లల్లనే రెండు పిండ్లు పిండి మల్ల పెట్టు. ఇంత కష్టపడి పెంచిన జీవులను క్లోరిన్ పాలు చెయ్యకు చెల్లె.

ఎండకాలం మాత్రం నాకు బుగులు. మే నెలల మన దిక్కు ఎండ 45 డిగ్రీలకు పోతది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటయ్, 35 డిగ్రీలకు వచ్చేసరికి 7 మాత్రమే. చేపలు మీదికొచ్చి నోరు తెరుస్తున్నయంటే గాలి చాలుత లేదని అర్థం. మూత తీసి నీళ్ల మీదికి టేబుల్ ఫ్యాన్ పెట్టు, రెండు మూడు డిగ్రీలు దిగుతది. కరెంటు పోతే గ్లాసుతోటి నీళ్లు ముంచి జర ఎత్తు నుంచి పొయ్యి, బాబు సంతోషంగ చేస్తడు. చార్జింగ్ మోటారు చిన్నది ఒకటి ఇంట్ల ఉంటే ఇంకా మంచిది. ఇంకొకటి, దోమల మందు కొట్టేటప్పుడు మోటారు బందు చేసి తొట్టి మీద తడిగుడ్డ కప్పు, గది గాలి మారినంక మల్ల నడుపు. ఆ మోటారు గదిల ఉన్న గాలినే నీళ్లల్లకు గుంజుతది, ఆ మందు మనకంటే చేపకు ఎన్నో రెట్లు విషం.

గాజుకు పట్టిన పాచి తింటదని సక్కర్ చేప అంటగడ్తరు, తీస్కోకు. అది దక్షిణ అమెరికా చేప, అడుగు దాటి పెరుగుతది. ఇండ్లల్ల పట్టక జనం చెరువులల్ల ఇడిస్తే, ఇప్పుడు తెలుగు రాష్ట్రాల నీళ్లల్ల పెరిగిపోయి, గరుకు ముండ్లతోటి వలలు చింపుతున్నది. 2016 నుంచి సర్కారు మన చెరువులల్ల చేప పిల్లలను ఉచితంగ ఇడుస్తున్నది. ముదిరాజుల, గంగపుత్రుల ఇండ్లు వాటి మీద ఆధారపడి ఉన్నయ్. మన రాష్ట్ర చేప కొర్రమట్ట బతకాల్సింది కూడ ఆ నీళ్లల్లనే. రేపు ఎప్పుడన్న నీకు తొట్టి నడుపుడు కష్టమైతే చేపలను దుకాణంల అడిగి ఇచ్చెయ్యి, లేకుంటే తొట్టి ఉన్నోళ్లకు ఇయ్యి. పుణ్యమని చెప్పి ఊరి చెరువుల, కాకతీయ కాల్వల, ధర్మపురి కాడ గోదాట్ల ఇడువకు. గప్పీలను కూడ ఇడువకు, అవి మన చిన్న చేపల గుడ్లను, పిల్లలను తింటయ్.