కరెంటు ఉన్నా తీగ చాలదు: సూరత్ వీధిలో సాయంత్రపు విద్యుత్ రద్దీ

సూరత్ నగరానికి తూర్పున, కడోదరా వెళ్లే రోడ్డు మీద ఉంటుంది పర్వత్ పాటియా. బట్టల మార్కెట్లు దగ్గరే. అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, చిన్న చిన్న యంత్రాల షెడ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఇలాంటి పేటలో వేసవి సాయంత్రం ఏడు దాటాక ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. మార్కెట్ నుంచి ఇంటికొచ్చినవారు ఏసీ వేస్తారు. ఎలక్ట్రిక్ స్కూటర్‌ను ఛార్జింగ్‌కు పెడతారు. పైట్యాంకు నింపే మోటారు అప్పుడే మొదలవుతుంది. షెడ్లలో యంత్రాలు ఎలాగూ ఆగవు. లైటు కాస్త మసకబారుతుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది. భారం ఇంకా పెరిగితే వీధి మలుపులోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోతుంది.

అప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒకటే: కరెంటు చాలడం లేదు. ఈ మాట కొన్నిసార్లు నిజం, చాలాసార్లు కాదు. 2024 మే 30న దేశం మొత్తం విద్యుత్ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. అది అప్పటికి రికార్డు. దాన్ని గ్రిడ్ తట్టుకుంది. అలాంటి రోజున కూడా ఏదో ఒక వీధిలో ఫ్యూజు పోవచ్చు. ఎందుకంటే ఉత్పత్తి కొరత వేరు, స్థానిక రద్దీ వేరు. హైవే ఖాళీగా ఉన్నా ఊళ్లో సందు ఇరుకైతే బండ్లు ఆగిపోతాయి. ఆ సందు లాంటిదే 11 కిలోవోల్టుల ఫీడరు, దాని చివరనున్న ట్రాన్స్‌ఫార్మర్.

తీగలో పుట్టే వేడి కరెంటుకు కాదు, కరెంటు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. ట్రాన్స్‌ఫార్మర్ లోపల రాగి లేదా అల్యూమినియం చుట్లను నూనెలో నానిన కాగితం వేరుచేస్తూ ఉంటుంది. నిర్దేశించిన ఉష్ణోగ్రతను దాటాక, ప్రతి ఆరేడు డిగ్రీలకూ ఆ కాగితం ఆయుష్షు సగానికి తగ్గుతుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కరోజులో చెడిపోయేది కాదు, ఒక్కో సాయంత్రం కొంచెం కొంచెంగా వయసు మీద పడేది. మరో చిక్కు కూడా ఉంది. భారం పెరిగి వోల్టేజి పడిపోయినప్పుడు, అదే పని చేయడానికి మోటార్లు ఎక్కువ కరెంటు లాగుతాయి. రద్దీ తనను తానే పెంచుకుంటుంది.

ఒక ఊహా వీధి తీసుకుని లెక్క వేద్దాం. 200 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పవర్ ఫ్యాక్టర్ 0.9 అనుకుంటే అది సుమారు 180 కిలోవాట్లు ఇవ్వగలదు. వీధిలో 100 ఇళ్లు. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, టీవీలు కలిపి ఇంటికి అర కిలోవాటు చొప్పున 50 కిలోవాట్లు. ఏసీలు 50, ఒక్కోటి ఒకటిన్నర కిలోవాటు: 75. ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్లు 20, ఒక్కోటి 750 వాట్లు: 15. షెడ్లలో యంత్రాలు 40. నీటి మోటార్లు అయిదు, ఒక్కోటి 4 కిలోవాట్లు: 20. మొత్తం 200 కిలోవాట్లు. సామర్థ్యం కన్నా 11 శాతం ఎక్కువ, చుట్లలో వేడి దాదాపు 23 శాతం ఎక్కువ.

దీనికి మామూలు వైద్యం పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. కొన్నిచోట్ల అదే సరైనది కూడా. అయితే రోజులో రెండు మూడు గంటల కోసం కొన్న సామర్థ్యం మిగతా సమయమంతా ఊరికే ఉంటుంది, దాని ఖర్చు చివరికి బిల్లులోకే వస్తుంది. పైగా కిక్కిరిసిన పేటలో దాన్ని పెట్టడానికి చోటు దొరకాలి.

పై లెక్కలోనే రెండో దారీ ఉంది. స్కూటరు ఏడింటికి ఛార్జ్ అయినా, అర్ధరాత్రి దాటాక ఛార్జ్ అయినా పొద్దునకు సిద్ధంగా ఉంటుంది. పైట్యాంకు నిజానికి ఒక బ్యాటరీ, నీటి రూపంలో ఉన్న బ్యాటరీ. దాన్ని ఎప్పుడు నింపారన్నది కుళాయి తిప్పేవారికి తెలియదు. ఈ రెండూ సాయంత్రం పూట తప్పుకుంటే 35 కిలోవాట్లు తగ్గి భారం 165కు దిగుతుంది. ఎవరి ఏసీ ఆపక్కర్లేదు. దీన్నే డిమాండ్ సర్దుబాటు అంటారు. వాడకం తగ్గించడం కాదు, వేళ మార్చడం. ఆలోచన కొత్తదేమీ కాదు: న్యూజిలాండ్‌లో దశాబ్దాలుగా నీళ్ల హీటర్లను విద్యుత్ తీగల గుండానే సంకేతం పంపి కాసేపు ఆపుతున్నారు.

అయితే అన్ని భారాలూ స్కూటరులా వేచి ఉండలేవు. సూరత్‌లో ఈ మాట మరీ జాగ్రత్తగా చెప్పాలి. ఈ నగరపు మరమగ్గాల మీద తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలెన్నో బతుకుతున్నాయి. సిరిసిల్లలో సాంచాలని పిలిచేవి ఇవే. పని పన్నెండు గంటల షిఫ్టుల్లో పగలూ రాత్రీ సాగుతుంది. కూలీ నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. సాయంత్రం రెండు గంటలు మగ్గం ఆపితే యజమానికి బిల్లులో రాయితీ రావచ్చు, నేతకారుడికి పోయేది కూలీ. సర్దుబాటుకు ఇచ్చే ప్రతిఫలం ఎవరి చేతికి వెళ్తుందన్నది సాంకేతిక ప్రశ్న కాదని పక్కనపెట్టడానికి వీల్లేదు. పథకం నిలబడుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఏర్పాటేదీ లేకుండా డిమాండ్ తగ్గించాల్సివస్తే ఎలా ఉంటుందో తెలుగువారికి తెలుసు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పవర్ హాలిడే విధించారు. నిరంతరాయంగా నడిచే పరిశ్రమలు సగం విద్యుత్తే వాడాలన్నారు, మిగతావాటికి వారంలో అదనంగా ఒక రోజు సెలవు. అది ఉత్పత్తి కొరతకు వేసిన కట్టు. ఏ భారం ఆగగలదు, ఏది ఆగలేదు అన్న తేడా అందులో పెద్దగా ఉండదు.

ఆ తేడాను ధర ద్వారా చూపాలన్నది తరువాతి ప్రయత్నం. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం సౌర విద్యుత్ దొరికే వేళల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. రద్దీ వేళల్లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు కనీసం 20 శాతం, ఇతరులకు కనీసం 10 శాతం ఎక్కువ. వ్యవసాయానికి మినహాయింపు ఉంది. గంటలవారీగా లెక్కించడానికి స్మార్ట్ మీటరు కావాలి. ఆ మీటర్లపై నమ్మకం ఇంకా కుదరలేదు: 2024 మేలో గుజరాత్‌లోనే వడోదరలో ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లకు వ్యతిరేకంగా జనం రోడ్డెక్కారు.

ఈ ధరకు ఇంకో పరిమితి ఉంది. అది రాష్ట్రం మొత్తానికి ఒకటే, వీధి పరిస్థితి దానికి తెలియదు. రాత్రి పదికి ధర తగ్గుతుందనుకుందాం. ఊహా వీధిలోని 20 స్కూటర్లకూ, అయిదు మోటార్లకూ టైమరు సరిగ్గా పదికే పెడితే? పడకగదుల ఏసీలన్నీ నడిచే వేళ అది. ఏడింటి రద్దీ పదింటికి మారుతుంది, అంతే. బ్రిటన్ ఈ ప్రమాదాన్ని ముందే చూసింది. అక్కడ 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్లలో పెట్టే కొత్త కారు ఛార్జర్లు ఒకేసారి మొదలవకుండా, ఒక్కోటి పది నిమిషాల వరకు యాదృచ్ఛికంగా ఆగి మొదలయ్యే ఏర్పాటు తప్పనిసరి. నెదర్లాండ్స్‌లోనైతే గ్రిడ్ సంస్థలు 2019లో గోపాక్స్ అనే వేదికను ప్రారంభించాయి. ఏ ప్రాంతపు తీగ బిగుసుకుంటోందో ఆ ప్రాంతంలోని సంస్థలకే డబ్బిచ్చి వాడకం సర్దుకోమంటాయి.

పర్వత్ పాటియా లాంటి చోట అంత దూరం పోకుండానే మొదలుపెట్టవచ్చు. ముందు ట్రాన్స్‌ఫార్మర్‌కే ఒక మీటరు పెట్టి ఏ గంటలో ఎంత భారం పడుతోందో చూడాలి. ఇది లేకుండా మిగతావన్నీ అంచనాలే. ఆ తరువాత స్కూటర్లను రెండు మూడు జట్లుగా విడదీసి వేర్వేరు గంటలు కేటాయించడం. నీటి మోటారు సంగతి ఇంకా తేలిక. ఇళ్ల మీద సౌర ఫలకాలు పెట్టడంలో గుజరాత్ దేశంలోనే ముందుంది, ఎండ బాగా కాసే మధ్యాహ్నం ఆ విద్యుత్ ఇళ్లలో ఖర్చు కాక వీధి తీగలోకి ఎదురు వస్తుంది. మునిసిపాలిటీ నీళ్లు సంపులో ఉన్నంతవరకు, వాచ్‌మన్ మోటారు వేసే వేళ సాయంత్రం ఏడు నుంచి మధ్యాహ్నం పన్నెండుకు మారితే చాలు. దానికి కావలసింది ఒక టైమరు, సొసైటీ మీటింగులో ఒక తీర్మానం.