కార్టూన్లు – మన పిల్లల నడవడిక

పిల్లవాడు అన్నం తినాలంటే టీవీలో కార్టూన్ పెట్టాలి. అమ్మ వంట ముగించుకోవాలంటే వాడి చేతికి సెల్‌ఫోన్ ఇవ్వాలి. హిమాయత్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాల్లో ఇది మామూలు సంగతే. బొమ్మలే కదా, చూస్తే తప్పేమిటి అనుకుంటాం. కాని మనం బొమ్మలుగా చూసేదాన్ని చిన్నపిల్లలు నిజమని నమ్ముతారు.

మన హైదరాబాద్‌లో పుట్టిన ‘ఛోటా భీమ్’నే తీసుకోండి. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ దీన్ని తయారుచేసింది. 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. భీమ్ లడ్డూ తింటాడు, వెంటనే బలం వస్తుంది, దుష్టులను ఓడిస్తాడు. ధైర్యం, స్నేహితులకు సాయపడడం వంటి మంచి గుణాలు ఇందులో ఉన్నాయి. కాని నాలుగేళ్ల పిల్లవాడు నేర్చుకునేది వేరు కావచ్చు: ‘లడ్డూ తింటే బలం, కొడితే గెలుపు’. కార్టూన్లలో దెబ్బ తిన్నవాడు మరుక్షణమే లేచి నిలబడతాడు. నొప్పి ఉండదు, కట్టు ఉండదు. పిల్లవాడు అదే విధంగా చెల్లెలిని తోస్తే ఆమెకు నిజంగానే గాయమవుతుంది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

అమెరికాలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి 1963లో నర్సరీ పిల్లలపై పరీక్ష చేశారు. కొందరికి, కార్టూన్ పిల్లి వేషంలో ఉన్న మనిషి గాలిబొమ్మను కొట్టే ఫిల్మ్ చూపించారు. ఫిల్మ్ చూసిన పిల్లలు, ఏమీ చూడని పిల్లలకంటే దాదాపు రెట్టింపు దూకుడు చూపారు. 1965లో చేసిన మరో పరీక్షలో, కొట్టినవాడికి శిక్ష పడినట్లు చూసిన పిల్లలు అనుకరించడం తగ్గింది.

2011లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో 60 మంది నాలుగేళ్ల పిల్లలను పరీక్షించారు. వేగంగా కదిలే కార్టూన్‌ను 9 నిమిషాలు చూసినవారు, ఆ వెంటనే ఓపిక, ఏకాగ్రత కావలసిన పనుల్లో వెనుకబడ్డారు. బొమ్మలు గీసుకున్న పిల్లలు వారికంటే బాగా చేశారు.

కాబట్టి కార్టూన్లన్నీ చెడ్డవి కావు. ఏది చూస్తున్నారు, ఎంతసేపు, పక్కన ఎవరున్నారు అన్నదే ముఖ్యం.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

1. రెండేళ్లలోపు పిల్లలకు టీవీ, ఫోన్ చూపించకండి. రెండు నుండి ఐదేళ్ల వారికి రోజుకు ఒక గంట మించకూడదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో సూచించింది.

2. అమ్మో, నాన్నో, నాయనమ్మో పక్కన కూర్చోండి. “నిజంగా అలా కొడితే ఏమవుతుంది?” అని అడగండి. పిల్లవాణ్ణే జవాబు చెప్పనివ్వండి.

3. అన్నం తినేటప్పుడు, పడుకునే ముందు గంటసేపు టీవీ, ఫోన్ వద్దు. చూస్తూ తినే పిల్లలకు కడుపు నిండిన సంగతి తెలియదు.

4. “ఇది అయిపోగానే బంద్ చేద్దాం” అని ముందే చెప్పండి. ఏడ్చినా మాట మార్చకండి. ఒకసారి లొంగితే, ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు.

5. టీవీ తీసేసి ఊరుకుంటే చాలదు. బంతి, రంగుల పెన్సిళ్లు, తాత చెప్పే కథ, వంటింట్లో చిన్న పని ఇవ్వండి.

పిల్లవాడు పిలిచినా పలకకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పలేకపోయినా, తోటి పిల్లలను తరచు కొడుతున్నా, పీడకలలతో లేస్తున్నా, “పెద్దయితే సర్దుకుంటుందిలే” అని ఆగకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. రోజుకు ఎంతసేపు టీవీ, ఫోన్ చూస్తున్నాడో దాచకుండా చెప్పండి. డాక్టరుకు అది చాలా ఉపయోగపడుతుంది.

ఇంకొక్క మాట. పిల్లలు అందరికంటే ఎక్కువగా అనుకరించేది మనల్నే. మన చేతిలో ఎప్పుడూ ఫోన్ ఉంటే, వాళ్ల చేతిలోది తీసుకోవడం కష్టం.